రోగనిరోధక జన్యువుల వైవిధ్యం, మందు మోసే ప్రోటీన్ నానో రేణువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

జన్యువుల వైవిధ్యానికీ, మందు మోసే రేణువులకూ సంబంధం ఏమిటి?

మందును నేరుగా రక్తంలోకి వదలకుండా ప్రోటీన్‌తో చేసిన ఓ గుల్లలో పెట్టి పంపితే కావలసిన చోటికి ఎక్కువగా చేరుతుందని, మిగతా అవయవాలకు దెబ్బ తగ్గుతుందని ఆశ. ఆ గుల్ల ప్రోటీన్ కావడంలోనే ఒక చిక్కుంది. బయటి నుంచి వచ్చిన ప్రోటీన్‌ను రోగనిరోధక కణాలు మింగి, ముక్కలు చేసి, వాటిలో కొన్నిటిని తమ పైపొర మీద ప్రదర్శిస్తాయి. ఏ ముక్కలు ప్రదర్శనకు వస్తాయో నిర్ణయించేవి హెచ్‌ఎల్‌ఏ జన్యువులు. అవి మనిషికీ మనిషికీ వేరు. కాబట్టి అదే రేణువు ఒకరి ఒంట్లో కిమ్మనకుండా పని చేసుకుపోవచ్చు, మరొకరి ఒంట్లో యాంటీబాడీలను పుట్టించవచ్చు. ఒకరికి పడింది మరొకరికి పడకపోవడం అనే పాత మాటకు ఇక్కడ జన్యు స్థాయిలో వివరణ దొరుకుతుంది.

రేణువులు తయారుచేసేవాళ్లూ, జన్యువులు చదివేవాళ్లూ చాలావరకు వేర్వేరు రంగాలవాళ్లు. అందుకే "ఈ రేణువు సురక్షితమా?" అని అందరూ అడుగుతారు. "ఎవరికి?" అని అడిగేవాళ్లు తక్కువ. కింది జవాబుల్లో ఆ రెండో ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది.

రోగనిరోధక జన్యువులంటే హెచ్‌ఎల్‌ఏ ఒక్కటేనా?

కాదు. యాంటీబాడీలను, టి కణాల (పరాయి ముక్కలను గుర్తుపట్టి దాడి చేసే తెల్ల రక్తకణాల) గ్రాహకాలను తయారుచేసే జన్యువులున్నాయి. సహజ హంతక కణాల మీద ఉండే కేఐఆర్ గ్రాహకాల జన్యువులు 19వ క్రోమోజోమ్ మీద ఉన్నాయి. వీటిలో జన్యువుల సంఖ్య కూడా మనిషిని బట్టి మారుతుంది. యాంటీబాడీ తోకను పట్టుకునే ఎఫ్‌సీ గ్రాహకాల్లోనూ తేడాలున్నాయి. ఎఫ్‌సీజీఆర్3ఏ జన్యువులో ఒక్క అమైనో ఆమ్లం మారితే, అంటే 158వ స్థానంలో ఫినైల్‌అలనిన్ బదులు వాలీన్ ఉంటే, ఆ గ్రాహకం యాంటీబాడీని మరింత గట్టిగా పట్టుకుంటుంది.

అయినా చర్చ ఎక్కువగా హెచ్‌ఎల్‌ఏ చుట్టూనే తిరుగుతుంది. 6వ క్రోమోజోమ్ పొట్టి భుజం మీద, దాదాపు 40 లక్షల డీఎన్‌ఏ అక్షరాల మేర ఉన్న ప్రాంతంలో ఇవి గుమికూడి ఉన్నాయి. ఏ, బి, సి జన్యువులు మొదటి తరగతివి. కణం లోపల ఏం తయారవుతోందో ఇవి బయటికి చూపిస్తాయి. డీఆర్, డీక్యూ, డీపీ రెండో తరగతివి. బయటి నుంచి మింగిన సరుకును చూపించేది ఇవి. మందు మోసే రేణువుల విషయంలో రెండో తరగతిదే పెద్ద పాత్ర.

ఒక్క జన్యు ప్రాంతంలో ఇంత వైవిధ్యం దేనికి?

ఇప్పటిదాకా నమోదైన హెచ్‌ఎల్‌ఏ రూపాలు, అంటే అల్లీళ్లు, 40 వేలు దాటాయి. మానవ జన్యువుల్లో ఇంత రూపభేదం మరెక్కడా లేదు. ఆ తేడాలు కూడా ఎక్కడపడితే అక్కడ లేవు. ప్రోటీన్ ముక్క వచ్చి కూర్చునే గాడి గోడల్లోనే ఎక్కువగా పోగుపడ్డాయి. 1987లో పమేలా బ్యోర్క్‌మన్ బృందం హెచ్‌ఎల్‌ఏ-ఏ2 స్ఫటిక నిర్మాణాన్ని వెలువరించినప్పుడు ఆ గాడి మొదటిసారి కళ్లకు కట్టింది. గాడి ఆకారం మారితే అందులో ఇమిడే ముక్కలూ మారతాయి.

దీని వెనక సూక్ష్మజీవుల ఒత్తిడి ఉందన్నది విస్తృతంగా అంగీకరించిన వివరణ. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి మరొకటి వేర్వేరు రూపాలు వచ్చినవాళ్లు ఎక్కువ రకాల ముక్కలను ప్రదర్శించగలరు. హెచ్‌ఐవీ సోకినవాళ్ల మీద 1999లో వచ్చిన అధ్యయనంలో, మొదటి తరగతి జన్యువులన్నిటిలో రెండేసి వేర్వేరు రూపాలున్నవాళ్లకు ఎయిడ్స్ దశ ఆలస్యంగా వచ్చింది. అందరికీ ఒకే గాడి ఉంటే దాన్ని తప్పించుకోవడం నేర్చిన వైరస్ ఒక్కటి చాలు, జనాభా మొత్తం దాని ముందు నిస్సహాయమవుతుంది.

హెచ్‌ఎల్‌ఏ-బి*57:01 లాంటి పేరును ఎలా చదవాలి?

బి అన్నది జన్యువు. నక్షత్ర గుర్తు (*) తర్వాతి 57 అల్లీళ్ల కుటుంబం. రెండు చుక్కల తర్వాతి 01 ఆ కుటుంబంలో ఒక నిర్దిష్ట ప్రోటీన్. ఆ తర్వాత ఇంకా అంకెలుంటే అవి ప్రోటీన్‌ను మార్చని చిన్న డీఎన్‌ఏ తేడాలు. మందుల విషయంలో మొదటి రెండు అంశాలు చాలు. మొదటిది ఒక్కటే ఇచ్చిన నివేదికతో మాత్రం సరిపెట్టుకోకూడదు. ఒకే కుటుంబంలోని రెండు ప్రోటీన్లు మందుకు పూర్తి భిన్నంగా స్పందించగలవు.

జన్యు తేడా వల్ల మందు వికటించడం నిజంగా జరుగుతుందా?

జరుగుతుంది. వైద్యంలో బాగా రుజువైన ఉదాహరణలు కొన్ని ఉన్నాయి.

అబాకవిర్ అనే హెచ్‌ఐవీ మందు కొందరిలో జ్వరం, దద్దుర్లు, శ్వాస ఇబ్బందితో తీవ్రంగా వికటించేది. ఆపేసి మళ్లీ మొదలుపెడితే ప్రాణం మీదికి వచ్చేది. దానికి మూలం హెచ్‌ఎల్‌ఏ-బి*57:01. 19 దేశాల్లో 1,956 మంది రోగులతో జరిపి 2008లో ప్రచురించిన పరీక్షలో, ముందే ఈ అల్లీల్ కోసం చూసి ఉన్నవాళ్లకు మందు ఇవ్వకుండా ఆపితే, ప్రయోగశాలలో నిర్ధారితమైన వికటింపు ఒక్కటీ రాలేదు. అలా చూడని వర్గంలో 2.7 శాతం మందికి వచ్చింది. 2012లో కారణం తేలింది. మందు అణువు ఆ గాడి అడుగున దూరి దాని ఆకారాన్నే మారుస్తుంది. దాంతో అంతకుముందు ఎన్నడూ ప్రదర్శనకు రాని సొంత ప్రోటీన్ ముక్కలు పైకి వస్తాయి. టి కణాలు వాటిని పరాయివిగా చూసి దాడికి దిగుతాయి.

మూర్ఛకు వాడే కార్బమజెపైన్ విషయంలో 2004లో తైవాన్ పరిశోధకులు ఇచ్చిన లెక్క ఇంకా విస్తుగొలుపుతుంది. చర్మం ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వచ్చిన 44 మందిలో 44 మందికీ హెచ్‌ఎల్‌ఏ-బి*15:02 ఉంది. మందు వికటించకుండా సరిపడిన 101 మందిలో ముగ్గురికే ఉంది. కానీ ఈ అల్లీల్ యూరప్ మూలాలవాళ్లలో చాలా అరుదు. అక్కడ ఇదే మందుకు హెచ్‌ఎల్‌ఏ-ఏ*31:01తో ముడి కనిపించింది. అంటే ఒక జనాభాలో కనిపెట్టిన పరీక్షను మరో జనాభాకు కళ్లు మూసుకుని వర్తింపజేయడం కుదరదు.

ఇక్కడ ఓ జాగ్రత్త. అల్లీల్ ఉన్న ప్రతివాళ్లకూ మందు వికటించదు. బి*57:01 ఉండి అబాకవిర్ వాడినవాళ్లలో దాదాపు సగం మందికే వికటిస్తుంది. మిగతా సగాన్ని ఏది కాపాడుతుందో ఆ అల్లీల్ ఒక్కటే చెప్పదు.

అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు హెచ్‌ఎల్‌ఏ ఒకేలా ఉంటుందా?

ఈ జన్యువులు సాధారణంగా గుత్తిగా సంక్రమిస్తాయి. తల్లి నుంచి రెంటిలో ఒక గుత్తి, తండ్రి నుంచి రెంటిలో ఒకటి. కాబట్టి తోడబుట్టిన ఇద్దరికి రెండు గుత్తులూ కలిసే అవకాశం 25 శాతం. కవలలు ఒకే అండం నుంచి పుట్టినవాళ్లయితే పూర్తిగా కలుస్తాయి.

ప్రోటీన్ నానో రేణువుల్లో ముఖ్యమైన రకాలేవి?

మందు మోసేవాటిలో అన్నిటికంటే ముందు ఆసుపత్రికి చేరింది అల్బుమిన్. రక్తంలో సమృద్ధిగా ఉండే ఈ ప్రోటీన్ సుమారు 19 రోజుల అర్ధాయువుతో తిరుగుతుంది. పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు నీళ్లలో కరగదు. పాత పద్ధతిలో దాన్ని క్రెమోఫోర్ అనే ద్రావకంలో కలిపి ఇచ్చేవారు. ఆ ద్రావకమే అలర్జీ తెచ్చేది, ముందుగా స్టెరాయిడ్లు ఇవ్వాల్సి వచ్చేది. 2005లో అమెరికాలో అనుమతి పొందిన అబ్రాక్సేన్‌లో మందును అల్బుమిన్‌తో కలిపి సుమారు 130 నానోమీటర్ల రేణువులుగా చేశారు. మూడు గంటల ఇన్ఫ్యూజన్ 30 నిమిషాలకు వచ్చింది. రొమ్ము క్యాన్సర్ పరీక్షలో కణితి తగ్గినవాళ్లు 33 శాతం, పాత మందుతో 19 శాతం. అయితే నరాల మీద తీవ్ర ప్రభావం 10 శాతం మందిలో కనిపించింది, పాతదానితో 2 శాతం. డోసు కూడా ఎక్కువే కాబట్టి ఈ తేడాలను పూర్తిగా రేణువు ఖాతాలో వేయలేం.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ 130 నానోమీటర్ల రేణువు రక్తంలోకి వెళ్లాక ఎక్కువసేపు అలా నిలవదు, విడి అల్బుమిన్-మందు జంటలుగా కరిగిపోతుంది. గురి చూసి కొట్టే బాణంగా దీన్ని వర్ణించే బొమ్మలను కాస్త అనుమానంగా చూడాలి.

రెండో రకం తమంతట తామే కూర్చుకునే పంజరాలు. ఫెర్రిటిన్, బ్యాక్టీరియాల్లో ఉండే ఎన్‌క్యాప్సులిన్, వైరస్ ఆకారాన్ని పోలిన ఖాళీ గుల్లలు ఈ కోవలోవి. మూడో రకం ప్రకృతిలో లేనివి, కంప్యూటర్ మీద రూపొందించినవి. ప్రోటీన్ రూపకల్పనకు అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ బేకర్‌కు 2024 రసాయన నోబెల్‌లో సగం వాటా దక్కింది.

ఫెర్రిటిన్ మీద పరిశోధకులకు ఇంత మోజెందుకు?

ఇనుమును దాచుకోవడానికి దాదాపు ప్రతి జీవి వాడుకునే గుల్ల ఇది. 24 ఉపభాగాలు కలిసి బయట 12, లోపల 8 నానోమీటర్ల బోలు గోళమవుతాయి. అందులో 4,500 దాకా ఇనుము పరమాణువులు పడతాయి. వేడికి తట్టుకుంటుంది, బ్యాక్టీరియాలో సులువుగా తయారవుతుంది, పరిమాణంలో ఒకదానికొకటి తేడా ఉండదు. కృత్రిమ పాలిమర్ రేణువులతో పనిచేసినవాళ్లకు ఈ చివరి గుణం ఎంత విలువైనదో తెలుస్తుంది.

దీనికి తోడు మనిషి హెచ్-ఫెర్రిటిన్ ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం-1ను పట్టుకుంటుందని 2010లో తేలింది. వేగంగా విభజన చెందే కణితి కణాలకు ఇనుము ఆకలి ఎక్కువ, కాబట్టి వాటి మీద ఈ గ్రాహకాలూ ఎక్కువే. విడిగా గురి అణువు అతికించకుండానే రేణువు వాటిని వెతుక్కుంటుందన్నమాట. ఎర్ర రక్తకణాల పూర్వకణాల మీదా ఇవే గ్రాహకాలుంటాయి. విషపూరితమైన మందును మోసేటప్పుడు ఆ సంగతి పక్కన పెట్టకూడదు.

మందును గుల్ల లోపల ఎలా పెడతారు?

ఫెర్రిటిన్‌కైతే బాగా వాడుకలో ఉన్న దారి ఆమ్లత్వం. పీహెచ్ 2 దగ్గరికి దించితే గోళం విడిపోతుంది. మందు కలిపి పీహెచ్‌ను మళ్లీ తటస్థానికి తెస్తే గోళం మూసుకుంటూ మందును లోపల బంధిస్తుంది. చెప్పినంత సాఫీగా జరగదు. కొన్ని గోళాలు సరిగా మూసుకోవు, కొంత ప్రోటీన్ ముద్దకట్టి వృథా అవుతుంది. ఆ ముద్దలే తర్వాత రోగనిరోధక సమస్యలు తెస్తాయి. ఆమ్లం బదులు గాఢమైన యూరియా వాడేవాళ్లున్నారు. గోడలోని సన్న రంధ్రాల గుండా మందును వేడితో లోపలికి పంపేవాళ్లూ ఉన్నారు.

మరో దారి రసాయన బంధం. సిస్టీన్ అమైనో ఆమ్లానికి మందును హైడ్రజోన్ వంటి లంకెతో కడతారు. రక్తంలో ఆ లంకె చాలావరకు నిలుస్తుంది, కణం లోపలి ఆమ్ల సంచుల్లోకి వెళ్లాక తెగి మందును వదులుతుంది.

ఇచ్చిన మందులో కణితికి ఎంత చేరుతుంది?

తక్కువ. 2005 నుంచి పదేళ్ల ప్రచురణలను కలిపి 2016లో చేసిన విశ్లేషణలో, నానో రేణువుల డోసులో కణితికి చేరిన మధ్యగత వాటా 0.7 శాతం. ఎక్కువ భాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. మరీ చిన్నవైతే, అంటే 6 నానోమీటర్లకు లోపువైతే, మూత్రపిండాలు వడకట్టేస్తాయి. కణితి రక్తనాళాల గోడలు కారుతుంటాయి కాబట్టి రేణువులు అక్కడ పోగవుతాయని 1986లో మత్సుమురా, మయేదా ప్రతిపాదించారు. ఎలుకల కణితుల్లో ఇది బాగానే కనబడుతుంది. మనుషుల్లో ఒక్కో కణితిది ఒక్కో తీరు.

0.7 శాతం అనగానే కొట్టిపారేయనక్కర్లేదు. విడి మందులోనూ అత్యధిక భాగం కణితికి చేరదు. పోల్చవలసింది నూటితో కాదు, అదే మందు విడిగా ఇచ్చినప్పటి లెక్కతో.

మనిషి ప్రోటీన్‌తోనే చేస్తున్నాం కదా, శరీరం ఎందుకు ఎదిరిస్తుంది?

"మనిషిది కాబట్టి సురక్షితం" అన్నది ఈ రంగంలో అతి తేలిగ్గా అనేసే మాట. దాన్ని వమ్ము చేసిన ఉదంతం ఎరిత్రోపొయెటిన్. రక్తహీనతకు వాడే ఈ మందు మన సొంత హార్మోనుకు నకలే. 1998లో ఒక ఉత్పత్తిలో స్థిరత్వం కోసం వాడే అల్బుమిన్‌ను తీసేసి వేరే పదార్థం చేర్చాక, కొందరు రోగుల్లో హార్మోను మీదే యాంటీబాడీలు వచ్చాయి. అవి మందుతో ఆగలేదు, శరీరం సొంతంగా తయారుచేసుకునే హార్మోనునూ అడ్డుకున్నాయి. ఎర్ర రక్తకణాల ఉత్పత్తి దాదాపు ఆగిపోయింది.

రేణువుల్లో ఇంకో ప్రమాదముంది. యాంటీబాడీలను తయారుచేసే బి కణాలు ఒకే ఆకారం దగ్గర దగ్గరగా, వరుసగా పునరావృతం కావడాన్ని వైరస్ గుర్తుగా తీసుకుంటాయి. పంజరాల నిర్మాణమే అలాంటిది. ఫెర్రిటిన్ మీద 24 సార్లు, కొన్ని కృత్రిమ పంజరాల మీద 60 సార్లు అదే ఉపభాగం. దానికి గురి అణువో, కొత్తగా రెండు భాగాల్ని కలిపిన అతుకో తగిలిస్తే అక్కడ ప్రకృతిలో లేని వరుస ఏర్పడుతుంది. టి కణాలకు అది పరాయి ముక్కే.

ఇక బ్యాక్టీరియాలో తయారైన ప్రోటీన్‌కు ఆ బ్యాక్టీరియా పైపొరలోని విష పదార్థం, ఎండోటాక్సిన్, అంటుకుని వస్తుంది. దాన్ని సరిగా తొలగించని నమూనాతో ప్రయోగం చేసి "మా రేణువు రోగనిరోధకతను ప్రేరేపించింది" అని రాస్తే, ప్రేరేపించింది ఏదో తెలియదు. ఎండోటాక్సిన్ లెక్క ఇవ్వని పరిశోధన పత్రాన్ని నేనైతే అక్కడే పక్కన పెడతాను.

ఎవరిలో యాంటీబాడీలు వస్తాయో హెచ్‌ఎల్‌ఏ చూసి చెప్పగలమా?

కొంతమేర. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ప్రోటీన్ మందు తీసుకున్న క్రోన్స్ వ్యాధి (పేగుల వాపు జబ్బు) రోగుల్లో, హెచ్‌ఎల్‌ఏ-డీక్యూఏ1*05 ఉన్నవాళ్లకు మందు మీద యాంటీబాడీలు వచ్చే ప్రమాదం దాదాపు రెట్టింపని 2020లో వెలువడింది. యూరప్ మూలాలవాళ్లలో ఈ అల్లీల్ సుమారు 40 శాతం మందికి ఉంది. ఇది నానో రేణువు కాదు, మామూలు యాంటీబాడీ మందు. అయినా దారి ఒకటే: మింగడం, ముక్కలు చేయడం, రెండో తరగతి గాడిలో చూపడం.

రేణువుకే ఉదాహరణ కావాలంటే ఎక్కడో వెతకక్కర్లేదు, హెపటైటిస్ బి టీకా చాలు. ఈస్ట్‌లో తయారయ్యే ఈ టీకాకు 1986లో అనుమతి వచ్చింది. అందులో ఉన్నది సుమారు 22 నానోమీటర్ల ప్రోటీన్ రేణువే. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లలో 5 నుంచి 10 శాతం మందికి దీనివల్ల తగినన్ని యాంటీబాడీలు రావు. వయసు, పొగతాగడం, ఊబకాయం కారణాల్లో ఉన్నాయి, వాటితోపాటు డీఆర్‌బీ1*03, డీఆర్‌బీ1*07 అల్లీళ్లూ ఉన్నాయి. కోట్లమందికి ఇచ్చిన ఒకే రేణువు, జన్యువును బట్టి స్పందన. టీకాకు ఇది లోపం. మందు మోసే రేణువుకైతే స్పందించకపోవడమే వరం.

ఎలుకల్లో బాగా పనిచేసిందంటే మనుషులకు ఎంతవరకు వర్తిస్తుంది?

ప్రయోగశాలలో విరివిగా వాడే సి57బీఎల్/6, బాల్బ్/సి ఎలుకలు కనీసం 20 తరాలపాటు అన్నాచెల్లెళ్ల మధ్య సంతానంతో తయారైన వంశాలు. ఒక వంశంలోని ఎలుకలన్నిటికీ హెచ్‌ఎల్‌ఏకు సమానమైన జన్యువులు అచ్చంగా ఒకటే. పది ఎలుకల మీద పరీక్షించినా, రోగనిరోధక జన్యువుల పరంగా చూస్తే అది ఒకే వ్యక్తిని పదిసార్లు పరీక్షించడం. వైవిధ్యం గురించి ఆ ప్రయోగం ఏమీ చెప్పదు, చెప్పలేదు.

పైగా మనిషి ఫెర్రిటిన్ ఎలుకకు పరాయిది. అక్కడ వచ్చిన యాంటీబాడీలు మనిషిలో రాకపోవచ్చు, రానివి రావచ్చు. కోతులు మెరుగే కానీ వాటిలోనూ చూసుకోవాలి. మారిషస్ దీవి కోతుల్లో ఈ జన్యువుల గుత్తులు ప్రధానంగా ఏడే. మనిషి హెచ్‌ఎల్‌ఏ జన్యువు పెట్టిన ఎలుకలు, వేర్వేరు దాతల రక్తకణాలతో గాజు పాత్రలో చేసే పరీక్షలు ఈ ఖాళీని కొంత పూడుస్తాయి. దాతల్ని ఎంపిక చేసేటప్పుడు అల్లీళ్ల వైవిధ్యం చూసుకోవాలి. ఎవరు దొరికితే వాళ్లతో చేస్తే లాభం లేదు.

కంప్యూటర్‌తో ముందే అంచనా వేయవచ్చా?

వేస్తున్నారు. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో తయారైన నెట్‌ఎంహెచ్‌సీ సాధనాల వంటివి, ఏ ముక్క ఏ అల్లీల్ గాడిలో ఇముడుతుందో అంచనా కడతాయి. గట్టిగా ఇమిడే ముక్కలున్న చోట అమైనో ఆమ్లాలను మార్చి రేణువు మీద రోగనిరోధక స్పందనను తగ్గించవచ్చు, పంజరం మాత్రం విరిగిపోకూడదు. ఇమడటం వేరు, టి కణం స్పందించడం వేరు. కాబట్టి ఈ సాధనాలు అవసరమైన దానికంటే ఎక్కువ హెచ్చరికలే ఇస్తాయి.

అంతకంటే పెద్ద లోపం, వీటికి శిక్షణ ఇచ్చిన సమాచారం ఎక్కువగా కొన్ని జనాభాలదే. ఆ అసమానత ఎంతటిదో మూలకణ మార్పిడి లెక్కలు చెబుతాయి. అమెరికా దాతల నమోదు మీద 2014లో వచ్చిన అధ్యయనం ప్రకారం, యూరప్ మూలాల శ్వేతజాతీయులకు హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం 75 శాతం. ఆఫ్రికన్ అమెరికన్లకు 19 శాతం. ఆఫ్రికా మూలాల్లో జన్యు వైవిధ్యం ఎక్కువ, నమోదైన దాతలు తక్కువ. అరుదుగా చదివిన అల్లీల్ ఉన్నవాళ్లకు అంచనా కూడా అరకొరగానే ఉంటుంది.

ముందుగా హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించుకోవాలా?

ఊరికే చేయించుకుని దాచుకోవాల్సిన పని లేదు. అబాకవిర్ వంటి మందు మొదలుపెట్టే ముందు వైద్యులే అడుగుతారు. కొన్ని మందులకు ఇది తప్పనిసరి. కంటి మెలనోమా అనే క్యాన్సర్‌కు 2022 జనవరిలో అమెరికాలో అనుమతి పొందిన టెబెంటఫస్ప్ హెచ్‌ఎల్‌ఏ-ఏ*02:01 ఉన్నవాళ్లకే ఇస్తారు, లేనివాళ్లలో అది పట్టుకోవలసిన లక్ష్యమే ఉండదు. ప్రోటీన్ నానో రేణువుల్లో మాత్రం అల్లీల్ చూసి ఇవ్వమనే షరతు అబ్రాక్సేన్‌కు లేదు.

ఇవి ఎంత దూరం వచ్చాయి?

అల్బుమిన్ రేణువులు మార్కెట్‌లో ఉన్నాయి. 2021లో అదే పద్ధతిలో సిరోలిమస్ అనే ఔషధాన్ని మోసే మందుకూ అమెరికాలో అనుమతి వచ్చింది. పంజరాల్లో ముందున్నవి టీకాలు. కంప్యూటర్ మీద రూపొందించిన ప్రోటీన్ రేణువుతో చేసిన కోవిడ్ టీకాకు 2022లో దక్షిణ కొరియా అనుమతి ఇచ్చింది, ఫెర్రిటిన్ మీద ఫ్లూ వైరస్ ప్రోటీన్‌ను అమర్చిన టీకాను మనుషుల మీద పరీక్షించారు. మందు మోసే పంజరాలు వాటి వెనకే ఉన్నాయి, వెనకబడటానికి కారణమూ అర్థమయ్యేదే. టీకాను ఒకటి రెండుసార్లు ఇస్తారు, రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోవడమే కావాలి. క్యాన్సర్ మందును నెలల తరబడి మళ్లీ మళ్లీ ఇవ్వాలి. మొదటి డోసుకు పుట్టిన యాంటీబాడీలు నాలుగో డోసును రక్తంలోనే పట్టేసుకోవచ్చు. అందుకే ఇలాంటి రేణువు మీద ఫలితాలు చదివేటప్పుడు డోసులు ఎన్నిసార్లు ఇచ్చారో, యాంటీబాడీలను ఎన్నో వారంలో కొలిచారో, పాల్గొన్నవాళ్ల హెచ్‌ఎల్‌ఏ నమోదు చేశారో లేదో ముందు చూడండి.